నన్ను ఖాళీ చేసిన ఇల్లు

పొద్దున టిఫిన్ వేళకు మా ఇల్లు లేచి నిలబడి, మెట్లను చీర కుచ్చిళ్లలా ఎగ్గట్టుకుని, నన్ను ఖాళీ చేసి వెళ్లిపోతోంది.

నేను వీధిలో ఉన్నాను. చేతిలో కెమెరా, దానికి ప్రైమ్ లెన్స్. మా నీళ్ల ట్యాంకు మీద వాలిన కొండ గుడ్లగూబను ఫొటో తీద్దామని బయటికి వచ్చాను. గూబ ఇంకా ట్యాంకు మీదే ఉంది. ట్యాంకు ఇంటి మీదే ఉంది. నా భార్య హేమ ఇంట్లో ఉంది.

"గూబ వాలిన ఇంటిని ఆర్నెల్లు ఇడిశి పెట్టాలె," అంటాడు పక్కింటి బాలమల్లు తాత, అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటూ. "నిన్ననే చెప్తి. మీరు ఇడువకపోతిరి. ఎవరో ఒకరు ఇడువాలె గద, అదే ఇడిశింది."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"ఎట్ల ఆపాలె తాతా?"

"ఫొటోల పడ్డది యాడికి పోతది? మా నాయినను జూడు. ఒక్కపారి ఫొటోల పడ్డడు. గోడ మీదికెళ్లి మళ్ల కదిలిండా?"

తాత నోరు పుక్కిలించి స్కూటర్ తీస్తాడు. నేను వెనక ఎక్కుతాను. కరెంటు తీగను తోకలా ఈడ్చుకుంటూ మా ఇల్లు సందు మలుపు తిరుగుతోంది.

"రైలు గేటు దాటితే అన్నీ గుట్టలే," తాత గాలిలో అరుస్తాడు. "గుట్టలల్ల వడ్డదా, ఏది ఇల్లో ఏది బండనో తెల్వది. మళ్ల నీ పెండ్లాం నీకు దొరకది, పిలగా!"

బజారులో జనం పక్కకు తప్పుకుంటున్నారు. ఒకాయన సంచీ పట్టుకుని మా వంటింటి కిటికీ వెంబడి పరుగెడుతున్నాడు.

"అక్కా, కిరాయికి ఇస్తరా?"

"నిలవడ్డంక మాట్లాడుదాం తీయన్నా," అంటుంది హేమ, గరిటె ఊపుతూ.

స్కూటర్ కిటికీ పక్కకు చేరుతుంది. హేమ జుట్టు గాలికి ఎగురుతోంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఆ వెలుగు నన్ను భయపెడుతుంది.

"హేమా, దిగు!"

"పొయ్యి మీద పప్పుంది. ఎట్ల దిగుమంటవ్?"

"ఇల్లు యాడికి పోతుందో ఎరుకేనా?"

"ఏమో. పెండ్లయినకాడి నుంచి నువ్వు తీస్కపోయినదాని కంటె ఇదే ఎక్కువ దూరం తీస్కపోయింది."

తాత పకపకా నవ్వుతాడు. ఇల్లు వేగం పెంచుతుంది. ట్యాంకులోంచి నీళ్లు తొణికి మా ఇద్దరినీ తడుపుతాయి.

రైలు గేటు పడి ఉంది.

ఇల్లు ఆగుతుంది. ఎంతైనా పద్ధతైన ఇల్లు. గూడ్సు బండి రావడం మొదలవుతుంది, ఒక్కొక్క పెట్టే తీరిగ్గా. నేను స్కూటర్ మీంచి దూకి కెమెరా ఎత్తుతాను. ఫ్రేములో సున్నం రాలిన గోడ ముక్క తప్ప ఏమీ లేదు.

నా లెన్స్‌కు జూమ్ లేదు. దానికి ఒకటే చూపు. బొమ్మ పెద్దది కావాలంటే నేను ముందుకు నడవాలి, చిన్నది కావాలంటే వెనక్కి. గూబల కోసం ఎప్పుడూ ముందుకే నడిచాను. ఇప్పుడు నా భార్యను ఆపాలంటే ఆమె నుంచి వెనక్కి పరుగెత్తాలి.

పరుగెత్తుతాను. వెనక్కి, మొక్కజొన్న పొత్తుల బండి మీదుగా, కోళ్ల గంప మీదుగా.

"ఎటువోతున్నవ్?" కిటికీలోంచి హేమ గొంతు మొదటిసారి వణుకుతుంది. "ఇడిశిపెట్టి పోతున్నవా?"

"నీ కోసమే పోతున్న!"

గూడ్సు చివరి పెట్టె కనిపిస్తోంది. గోడ కుంచించుకుని కిటికీ అవుతుంది, కిటికీ ఇల్లవుతుంది, ఇంటి మీద గూబ వస్తుంది. అంతా ఫ్రేములో ఉంది. కానీ ఈ లెన్స్ పిసినారిది. వెంట్రుకవాసి మందం మాత్రమే స్పష్టంగా పడుతుంది, మిగతాదంతా మసక. గూబ కళ్లు పట్టుకుంటే హేమ పొగ. హేమ కళ్లు పట్టుకుంటే గూబ పొగ. స్పష్టంగా పడిందే ఆగుతుంది. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, అయినా తెలుసు.

అప్పుడే గూబ రెండు కళ్లూ తెరుస్తుంది. నారింజ రంగు, నిండుగా, సూటిగా నాలోకి. నేను ఏళ్ల తరబడి బండల మధ్య బోర్లా పడుకుని ఎదురుచూసిన చూపు అది. నా వేలు తనంతట తానే లెన్స్ ఫోకస్ రింగును అటు తిప్పుతుంది.

గేటు లేస్తోంది.

పళ్లు బిగించి రింగును వెనక్కి తిప్పుతాను. నారింజ రంగు కరిగి పొగవుతుంది. పొగలోంచి హేమ కళ్లు వస్తాయి. వాటి చివర తడి. ఆమెను నేను ఇంత శ్రద్ధగా చూడటం ఇదే మొదలు.

క్లిక్.

హేమ ఆగుతుంది. ఇల్లు ఆగదు. గోడలు, అలమారా, పొయ్యి ఆమె చుట్టూ జారుకుంటూ పట్టాలు దాటుతాయి. కిటికీ ఎత్తులో గాలిలో నిలబడి ఉన్న హేమ, గరిటె పట్టుకునే, చూసుకుంటూ కిందికి దిగుతుంది. నా వైపు నడుస్తుంది.

దగ్గరయ్యేకొద్దీ ఆమె మసకబారుతోంది. ఈ లెన్స్ మరీ దగ్గరి వాటిని పట్టదు. చేతులు పొగ. భుజాలు పొగ.

"దగ్గరికి రాకు!"

"గూబలకాడికి నువ్వే పాక్కుంట పోతవ్. నన్ను రావద్దంటవా?" నవ్వుతుంది పొగ. నడక మాత్రం ఆగదు.

లెన్స్ మర తిప్పి ఊడదీస్తాను. స్కూటర్ మీద నా వెనకే వచ్చిన తాత చేతిలో పెడతాను. అంతే, హేమ నా ముందుంది, ముక్కుపుడక దగ్గరి చెమట చుక్కతో సహా.

"మాడిన వాసనొస్తున్నది," అంటుంది నా భుజం పట్టుకుని. "మన పప్పే."

గుట్ట వైపు చూస్తాం. మా ఇల్లు రెండు బండల మధ్య తన చోటు వెతుక్కుని, ఎగ్గట్టిన మెట్లు దించి, రెక్కలు సర్దుకున్నట్టు గోడలు సర్దుకుని కూర్చుంటోంది. కాసేపు అలాగే ఉంటుంది. తర్వాత లేచి, దులుపుకుని, గూబతో సహా గుట్ట వెనక్కి దిగిపోతుంది.

మేమిద్దరం చేతులు పట్టుకుని పరుగున ఎక్కుతాం. అది కూర్చున్న చోట, ఎండుగడ్డిలో, గుమ్మడికాయంత తెల్లటి ఇల్లు ఒకటి ఉంది. కిటికీలున్నాయి. అప్పుడే పెట్టిన గుడ్డులా గోడలింకా వెచ్చగా ఉన్నాయి. హేమ మోకాళ్ల మీద కూర్చుని చెవి ఆనిస్తుంది, ఊపిరి బిగబట్టి నన్నూ రమ్మని సైగ చేస్తుంది.

లోపలి నుంచి ఎవరో తలుపు తడుతున్నారు.