నాన్న క్యారేజీలో గీతిక బాక్సు

"నేను చెప్తూనే ఉన్నానండి మేడం. వింటే కదా!"

ఫణి ఆ మాట అన్నది తన భార్య శరణ్య గురించి. అన్న చోటు రేపల్లెలో వాళ్ళమ్మాయి గీతిక చదివే ప్రైవేటు స్కూలు, రెండో తరగతి గది. తల్లిదండ్రుల మీటింగు నడుస్తోంది. పిల్లల బెంచీల్లో మోకాళ్ళు ముడుచుకుని ఇరుక్కున్న తల్లులూ తండ్రులూ ఒక్కసారిగా తలలు తిప్పి శరణ్యను చూశారు. వెనక బెంచీలో ఒకావిడ ముక్కున వేలేసుకుంది కూడా.

క్లాసు టీచరు ఫ్లోరెన్స్ అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. మధ్యాహ్నం అన్నం బెల్లు అయ్యాక గీతిక బల్ల మీద తల వాల్చేస్తోందని, ఆటల పీరియడులో నాలుగడుగులు పరిగెత్తగానే ఆయాసపడి కూర్చుంటోందని ఆవిడ చెప్పింది. "బాక్సు తెరిస్తే రోజూ చిప్సూ, క్రీము బిస్కట్లూనమ్మా. లేదంటే బ్రెడ్డూ జామూ. చదువుకున్నవారు మీరు. గుప్పెడు పప్పన్నం కలిపి పెట్టడానికి ఏంటమ్మా ఇబ్బంది?" అంది.

ఆ పొట్లాలు కొనేది ఈయనేనండి అని చెప్పబోయి శరణ్య నోరు తెరిచింది. ఈలోపే ఫణి తలాడిస్తూ ఆ ముక్క అనేశాడు. అనేసి, పాపం నేనేం చేయగలను అన్నట్టు చేతులు తిప్పాడు. తెరిచిన నోరు శరణ్య మూసుకుంది. ముఖంలోకి వచ్చిన వేడి ఇల్లు చేరేదాకా దిగలేదు. ఇంటికి వచ్చాక కడుపులోకి దిగింది. అక్కడే ఉండిపోయింది.

ఆ ఇంటి సంగతి చెప్పాలి. ఫణి తెనాలిలో ఒక బీమా ఆఫీసులో గుమాస్తా. పొద్దున్నే పాసింజరు రైల్లో వెళ్తాడు. చేతిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. ఆఫీసులో మధ్యాహ్నం అందరూ ఒకే బల్ల చుట్టూ చేరి క్యారేజీలు విప్పుతారు. ఎవరి కూర వారే తినడం అక్కడ లేదు. గిన్నెలన్నీ మధ్యకు జరిపి అందరూ అన్నీ వేసుకుంటారు. ఆ బల్ల మీద ఎవరి గిన్నె ముందు ఖాళీ అయితే వాళ్ళది పైచేయి. ఫణి గిన్నె ఎప్పుడూ ముందే ఖాళీ అవుతుంది. "మా ఆవిడ చెయ్యి పడితే అంతేనండి," అని అక్కడ మీసం తిప్పడం ఆయనకు జీతం కంటే ఇష్టం. అందుకని ఇంట్లో వండిన కూరలో ముప్పాతిక భాగం ఆ క్యారేజీలోకే వెళ్ళాలి.

దానికి తోడు అత్తగారు మాణిక్యాంబ పెట్టిన కట్టడి ఒకటి. మగవాడి క్యారేజీకి మూత పడేదాకా వంట గిన్నెల్లో ఇంకెవరికీ గరిట పెట్టకూడదు. మూత పడ్డాక ఫణి స్టేషనుకి పరిగెత్తేవాడు. ఆ వెంటనే స్కూలు వ్యాను వచ్చి హారను కొట్టేది. గీతికకు జడ వెయ్యాలి, సాక్సు వెతకాలి. అడుగున మిగిలిన కూర కలపబోతే పిల్ల కాళ్ళు నేలకేసి కొట్టేది. "నాన్న తెచ్చింది పెట్టు!" నాన్న తెచ్చింది ముందురోజు సాయంత్రమే ఫ్రిజ్ మీద సిద్ధంగా ఉండేది. తెనాలి స్టేషను బయట కొట్లో పొట్లం కొనకుండా ఏనాడూ ఇంటికి రాలేదు ఆయన. గుమ్మంలోనే పిల్ల మెడకు వేలాడుతుంది కదా, ఆ ముద్దు కోసం. వద్దని శరణ్య అన్నప్పుడల్లా మాణిక్యాంబ అడ్డు పడేది. "పిల్ల ఏడుస్తుంటే ఆ పొట్లం పడెయ్యలేవుటే? పొద్దున్నే ఈ రాగాలేంటి ఇంట్లో?"

పోయిన నెలలో డాక్టరు కూడా చెప్పాడు, పిల్లకు రక్తం తక్కువగా ఉందని. ఆకుకూరలు, పప్పులు, నువ్వులు, బెల్లం పెట్టమన్నాడు. అప్పుడూ ఫణి పక్కనే ఉన్నాడు. అప్పుడూ తలాడించాడు. తిరిగి వస్తూ పిల్లకు క్రీము బిస్కట్లు కొన్నాడు.

మీటింగు శనివారం అయింది. ఆదివారం శరణ్య బజారుకి వెళ్ళి లేత వంకాయలు ఏరి తెచ్చింది. ఫణికి అది చూసి ప్రాణం లేచొచ్చింది.

"బ్రహ్మానందంగారు ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నారే గుత్తివంకాయ. రేపు ఖాయమని చెప్పేస్తున్నా," అని అప్పటికప్పుడే ఆయనకు ఫోను చేశాడు. బ్రహ్మానందం ఆఫీసులో అందరికంటే పెద్దాయన, బల్ల దగ్గర మొదటి ముద్ద ఆయనదే.

"చెప్పండి. అందరికీ చెప్పండి," అంది శరణ్య.

సోమవారం పొద్దున నువ్వులూ, వేరుశనగలూ వేయించి, కారం కూరి గుత్తివంకాయ చేసింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది. మాణిక్యాంబ పూజ గదిలోనుంచే "నూనె తేలిందా?" అని అడిగింది. తేలిందని చెప్పింది శరణ్య. తర్వాత నాలుగు గిన్నెలూ వరసగా పెట్టుకుంది. పై గిన్నెలో క్రీము బిస్కట్లు పేర్చింది. రెండో దాంట్లో మసాలా చిప్సు పోసింది. మూడో దాంట్లో జాము రాసిన బ్రెడ్డు ముక్కలు పెట్టింది. బరువు తేడా తెలిసిపోతుందని అడుగు గిన్నె నిండా మంచినీళ్ళు పోసి మూత బిగించింది. క్యారేజీ చేతికిస్తే ఫణి ఊపి చూసి, "ఈసారి పులుసు బాగా పోసినట్టున్నావే!" అని నవ్వుతూ వెళ్ళాడు. గీతిక బాక్సులో అన్నం, పాలకూర పప్పు, ఒక గుత్తివంకాయ, చిన్న బెల్లం ఉండ పడ్డాయి. పిల్లకు మూత తీసి చూపించలేదు.

ఆ మధ్యాహ్నం శరణ్య ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. ఆలస్యం కాలేదు. మోగింది.

"ఏంటే ఇది?" ఫణి గొంతు తగ్గించి అరిచాడు. అలా అరవడం ఆయనకు అలవాటే.

"ఏంటండీ?"

"క్యారేజీలో ఏం పెట్టావు? బుద్ధుందా? అందరూ ప్లేట్లు పట్టుకుని..."

వెనక పెద్ద నవ్వులు వినిపించాయి. ఎవరో ఫోను లాక్కున్నట్టున్నారు. "అమ్మాయ్, నేను బ్రహ్మానందాన్నమ్మా. స్పీకరు పెట్టాను, అందరం వింటున్నాం. గుత్తివంకాయ అని పొద్దుటినుంచీ కాఫీ కూడా మానేసి కూర్చున్నాను తల్లీ. ఈ బిస్కట్లేంటమ్మా? గిన్నెలు గానీ మారిపోయాయా?"

శరణ్య గొంతు సవరించుకుంది. "మారలేదు బాబాయిగారూ. అవి మీ ఫణిగారు రోజూ సాయంత్రం కొని తెచ్చేవే. మా గీతిక స్కూల్లో మధ్యాహ్నం తినేది అదే. ఏడేళ్ళ పిల్లకి సరిపోయే భోజనం నలభై ఏళ్ళ మనిషికి సరిపోదాండీ?"

అవతల నవ్వులు ఆగిపోయాయి. తర్వాత ఒకే ఒక్కరు నవ్వారు. ఆ నవ్వు ఫణికి అన్నిటికంటే బాగా తగిలి ఉంటుందని శరణ్యకు తెలుసు. ఫోను పెట్టేసి, కంచంలో అన్నం పెట్టుకుని, వంకాయ మెత్తగా నలుపుకుని తృప్తిగా తింది. పాపం అనిపిస్తుందేమోనని కాసేపు చూసింది. అనిపించలేదు.

కానీ సాయంత్రం గీతిక బాక్సు మూత తీస్తే అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. బెల్లం ఉండ ఒక్కటే లేదు.

"నాన్న పొట్లం ఎందుకు పెట్టలేదు?" అంది పిల్ల ఏడుపు గొంతుతో.

అక్కడ మాత్రం శరణ్యకు గుండె కలుక్కుమంది. మొగుడి మీద గెలవడం ఒక పూట పని, పిల్లచేత తినిపించడం అలా కాదు. మర్నాడు స్కూలు వదిలే వేళకు వెళ్ళి గేటు దగ్గర ఫ్లోరెన్స్ టీచరును పట్టుకుంది. మీటింగులో జరిగిన మాట ఎత్తలేదు. పిల్ల తినడం లేదని మాత్రమే చెప్పింది.

"ఒక్కసారిగా నిండు బాక్సు పెడితే ఎవరైనా భయపడతారమ్మా," అంది ఫ్లోరెన్స్. "సగమే పెట్టండి. చేత్తో పట్టుకుని తినేవి పెట్టండి. పెసరట్టు చుట్టి ముక్కలు కొయ్యండి, శనగలు ఉడికించి తాలింపు వెయ్యండి. ఖాళీ బాక్సు నాకు చూపించమంటాను. అది చూపించడమంటే పిల్లలకి ఎక్కడలేని గొప్ప."

శరణ్య అలాగే చేసింది. పెసరట్టులో మునగాకు సన్నగా తరిగి కలిపింది. జామకాయ ముక్కలకు ఉప్పూకారం చల్లింది. ఏం పెట్టాలో ముందురోజే గీతికను అడిగేది. "శనగలా, నువ్వుల అన్నమా? రెండిట్లో ఒకటి చెప్పు. చిప్సన్నది ప్రశ్నలో లేదు."

"మరి చిప్సు ఎవరికి?"

"నాన్నకి."

ఆ మాట నిజం చేసింది కూడా. ఫణి కోపంతో ఇంకా కొని తెస్తూనే ఉన్నాడు. తెచ్చిన ప్రతి పొట్లమూ మర్నాడు ఆయన క్యారేజీలోకే వెళ్ళేది, ఇప్పుడు దాపరికం లేదు, ఆయన కళ్ళెదుటే. క్యారేజీ గుమ్మంలో వదిలేసి వెళ్ళిపోయేవాడు. మాణిక్యాంబ ఊరుకుంటుందా? "నా కొడుకు కడుపు ఎండగడతావుటే? నేను బతికుండగానే?" అని కొంగు దోపి రెండు రోజులు ఆవిడే వండి క్యారేజీ కట్టింది. మొదటి రోజు పప్పులో ఉప్పు మరిచిపోయింది. మూడో రోజుకి మోకాళ్ళు పట్టేసి మంచం మీదనుంచి లేవలేకపోయింది. శరణ్యే మందు రాసింది. రాస్తూ కూడా ఒక్క మాట తగ్గలేదు.

"అత్తయ్యా, మీ అబ్బాయికి నేను అన్నం పెట్టనన్లేదు. మీ మనవరాలికి ఆయన పెట్టేదే ఆయనకి పెడుతున్నాను. అది అన్నం కాదని మీకిప్పుడు తెలిసిందా?"

మాణిక్యాంబ గోడవైపు తిరిగి పడుకుంది.

ఫణి హోటలు పట్టాడు. వారం తిరక్కుండా కడుపు చెడింది. ఆఫీసులో ఏం జరుగుతోందో ఆయన చెప్పకపోయినా తెలిసిపోయేది. ఒకరోజు తలుపు తీసీ తియ్యగానే, "ఇవాళ ఏ బిస్కట్లు ఫణీ, కొబ్బరివా అని అడుగుతున్నారే నన్ను! ప్యూను కూడా!" అని బ్యాగు విసిరేశాడు. "నీకిదంతా బాగుందా? ఇష్టం లేకపోతే మీ బాపట్ల పో!"

"పోతాను. పిల్లని తీసుకునే పోతాను. మా అమ్మ దానికి రోజూ పప్పన్నం పెడుతుంది. మీరు తీరిగ్గా చిప్సు తినండి."

ఫణి కూలబడ్డాడు. "అసలేం కావాలే నీకు? పొట్లాలు తేవడం మానేస్తా. సరేనా?"

"చాలదు," అంది శరణ్య. "ఆ రోజు గది నిండా మనుషుల మధ్య నన్నన్నారు. మళ్ళీ మీటింగు ఉంది. అదే గదిలో, అంతమంది ముందే చెప్పండి, పొట్లాలు కొన్నదెవరో."

"పరువు పోతుందే!"

"నాది పోయినప్పుడు మీరు పక్కనే కూర్చున్నారు."

మీటింగు రోజు ఫణి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. దారిలో మూడుసార్లు నీళ్ళు తాగాడు. ఫ్లోరెన్స్ టీచరు గీతిక పేరు చదివి నవ్వింది. పిల్ల అన్నం తర్వాత పడుకోవడం లేదని, మొన్న పరుగు పందెంలో చివరిదాకా పరిగెత్తిందని చెప్పింది. "చెప్పగానే మార్చారు, సంతోషం అమ్మా," అంది.

శరణ్య ఫణి వైపు తిరిగింది. ఊరికే చూసింది.

ఫణి లేచి నిలబడ్డాడు. బెంచీకి మోకాలు కొట్టుకుంది. "మేడం... అదీ... ఆ చిప్సూ బిస్కట్లూ..." అని నేలకేసి గొణిగాడు.

"కొంచెం గట్టిగా చెప్పండి సార్," అంది ఫ్లోరెన్స్. "వెనకవాళ్ళకి వినపడటం లేదు."

"ఆ పొట్లాలు కొన్నది నేనేనండి! మా ఆవిడ వద్దంటూనే ఉంది. నేనే వినలేదు. ఆ రోజు ఆవిడ మీద చెప్పింది అబద్ధం."

ఆ రోజు ముక్కున వేలేసుకున్నావిడ తన మొగుడి వైపు తిరిగి, "విన్నారా? మీరూ తెస్తారు కదా, నిలబడండి," అంది. నవ్వులు లేచాయి. ఇంకొకాయన సిగ్గుపడుతూ చెయ్యెత్తి, కూల్‌డ్రింకులు తానే కొంటానని ఒప్పుకున్నాడు. ఫ్లోరెన్స్ అదే అదనుగా ఏమేం పెట్టవచ్చో బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది. శరణ్య అవేవీ చూడలేదు. మొగుడి చెవులు ఎర్రబడటం ఒక్కటే చూసింది, కళ్ళు తిప్పుకోకుండా.

ఇంటికి వస్తూ ఫణి అడిగాడు. "ఇప్పటికైనా చల్లారిందా?"

శరణ్య నిజంగానే ఆలోచించింది. "ఇంకా లేదు," అంది.

"రేపు క్యారేజీ కడతావా మరి?"

"కడతాను."

తెల్లవారి మళ్ళీ గుత్తివంకాయ చేసింది. మాణిక్యాంబ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తుండగానే శరణ్య ముందు గీతిక బాక్సులో గరిట పెట్టింది. తర్వాత అత్తగారికి ఒక గిన్నెలోకి తీసింది. తర్వాత తనకు. అత్తగారు పెదవి విరుస్తూనే తన గిన్నె అందుకుంది. చివరికి మూకుడులో ఉన్నది క్యారేజీలోకి వంచితే రెండు వంకాయలు, కాస్త గుజ్జు పడ్డాయి.

రైలు వేళయింది. ఫణి మూత తీసి చూశాడు. ఆ బల్ల, ఆ చేతులు, బ్రహ్మానందం ప్లేటు, అన్నీ ఆయన ముఖంలో కనిపించాయి శరణ్యకు.

"ఇంతేనా?" అన్నాడు.

"మిగిలింది అంతే," అంది శరణ్య, పిల్లకు జడ వేయడానికి దువ్వెన తీసుకుంటూ.