బేరం ముఖం

మాది పాత్రల కొట్టు. లీజు ఈ నెలతో ముగుస్తుంది. పక్కనున్న మందుల షాపువాడు మధ్య గోడ కొట్టేసి మా కొట్టును తనలో కలిపేసుకోవాలని చూస్తున్నాడు. దూరాన కూతురి దగ్గర ఉంటున్న యజమానురాలు ఒకటే మాట పట్టుకుంది: మనిషి ముఖం చూడనిదే సంతకం పెట్టదట. అందుకని ఇద్దరం కళ్లకు హెడ్‌సెట్లు తగిలించుకుని, నిజంగా ఎక్కడా లేని, ఆ హెడ్‌సెట్లలో మాత్రమే కనిపించే ఒక గదిలో కలవాలి.

హెడ్‌సెట్ తెచ్చింది మా బావమరిది.

“లోపల కెమెరాలున్నాయి బావా. నీ కనుబొమ్మ కదిలితే అక్కడ నీ బొమ్మకీ కదులుతుంది. ఆవిడకి కనిపించేది ఆ బొమ్మే.”

“కదిలితే కదా! నా ముఖం చూసి మీ అక్కే ఏమీ కనిపెట్టలేదు.”

“కనిపెట్టి చెప్పట్లేదులే,” అంటూ పట్టీ బిగించాడు.

నా వ్యాపారమంతా ముఖం మీదే నడిచింది. గిట్టే ధర వింటే నుదురు చిట్లిస్తాను. గిట్టని ధర వింటే నవ్వి, టీ తెప్పిస్తాను. ఎదుటివాడి చెంప అదిరిందంటే ఇంకో మెట్టు దిగుతాడని లెక్క. ఆ గదిలో ఆ లెక్క పనిచేయలేదు. ఆవిడ హెడ్‌సెట్‌లో కెమెరాలు లేవు కాబోలు, బల్లకు అవతల కూర్చున్న ఆవిడ బొమ్మ నున్నగా ఉంది. చెంప అదరదు, గుటక పడదు. చీకట్లో సరుకు కొంటున్నట్టుంది నాకు.

“పదేళ్లకి రాసిస్తాను. అద్దె పాతదే. సరేనా?” అందావిడ.

నేను ఆశపడింది ఐదేళ్లకే. గుండె గంతేసింది. వెంటనే అలవాటు కొద్దీ నుదురు చిట్లించి, దవడ బిగించాను.

ఆవిడ బొమ్మ చటుక్కున వెనక్కి జరిగింది. “అమ్మో! అంత కోపమెందుకయ్యా? నేనేమన్నాను?”

“కోపం కాదమ్మా...”

“మీద పడి కొట్టేట్టున్నావు. మందులతను నవ్వుతూ మాట్లాడాడు. అతనికే ఇచ్చేస్తాను.”

బావమరిది నా చెవిలో గుసగుసలాడాడు. “ఫోన్‌లో నీ బొమ్మ చూస్తున్నా బావా. కాస్త చిట్లిస్తే అది రాక్షసుణ్ణి చేసి చూపిస్తోంది. నవ్వు!”

నవ్వాను. వచ్చింది గిట్టని ధరకు నవ్వే నవ్వే.

“వెటకారం కూడానా?” ఆవిడ చెయ్యి పైకి లేచింది. గదిలోంచి వెళ్లిపోయే మీట అక్కడే ఉంది.

“అమ్మా, ఆగండి! నాకు ఆ కొట్టు కావాలి. అది పోతే ఈ వయసులో ఇంకోచోట మొదలుపెట్టలేను. పదేళ్లనగానే సంతోషమేసింది. అది దాచబోతే ఇలా తగలడింది.”

బేరంలో ‘కావాలి’ అన్న మాట నా నోట అంతకుముందెన్నడూ రాలేదు.

చెయ్యి గాల్లోనే ఆగింది. ఆ నున్నటి ముఖంలో వెతికితే ఏమీ దొరకలేదు.

“అంత కావాలా?”

“కావాలమ్మా.”

“అయితే ఆరేళ్లే. అద్దె కూడా ఏటా పెంచుతాను.”

ఆవిడా వ్యాపారం తెలిసిన మనిషే. “అలాగే రాయండి,” అన్నాను.

హెడ్‌సెట్ తీసేసరికి ముఖమంతా చెమట.

“నాలుగేళ్లు పోగొట్టుకున్నావు కదా బావా!”

“పోనీరా. ముందు కాగితం పంపించమను, ఆవిడ మళ్లీ నా ముఖం చూడకముందే.”