పేజీలు తిప్పే మనిషి

కుంపట్లో నిప్పులు వెయ్యాలి. అత్తగారికి గంజి కాచాలి. ఆయన కోటుకి ఊడిన బొత్తాం కుట్టాలి. కాలవ నుంచి రెండు బిందెలు తేవాలి. మొదటి గంట కొట్టేలోగా గుడికి పోయి, ముసురుకి చెమ్మెక్కిన హార్మోనియం పక్కన కుంపటి పెట్టి ఆరబెట్టాలి. ఇన్నీ చేశాక, ఎవరికీ తెలియకుండా వాయించాలి.

అది 1898. ధవళేశ్వరం దిగువన కాలవగట్టు మీది ఆ చిన్న క్రైస్తవ గుడిలో హార్మోనియం వాయించేది చంద్రరావు మాస్టారని అందరి నమ్మకం. జ్వరమొచ్చి ఆయన కుడిచేతి వేళ్ళు కొయ్యబారి రెండేళ్ళయింది. అప్పుడే హార్మోనియం పెట్టె ముందు తెర కట్టించాడు. దాని వెనక వాయించేది ఆయన భార్య జ్ఞానమ్మ. ఆయనేమో పక్కన పీట మీద కూర్చుంటాడు. ఆయనకి పుస్తకంలో పేజీలు తిప్పడానికే ఆవిడ వెళుతోందని ఊళ్ళో చెప్పుకున్నారు.

"కాళ్ళతో తొక్కే వాయిద్యమాయె. నీ పాదాలు ఊళ్ళో మగాళ్ళంతా చూడాలా ఏంటి?" అంటుంది అత్తగారు సంపూర్ణమ్మ. "ఈ సంగతి బయటపడితే బళ్ళో పిల్లలు కూడా నన్ను లెక్కచెయ్యరే" అంటాడు ఆయన. ప్రతి ఆదివారం పెట్టె ముందు కూర్చోగానే జ్ఞానమ్మ భయంభయంగా మెట్లన్నీ ఒకసారి వేళ్ళతో తడిమి చూసుకునేది. వేలు తప్పితే తిట్లు తనకి, తప్పకపోతే మెప్పు ఆయనకి.

ఆ రోజు రెండో కీర్తన మధ్యలో ఒక మెట్టు దిగబడిపోయి పైకి లేవలేదు. ఒకటే మోత.

"ఆపవే, ఆపు!" మాస్టారు మోచేత్తో పొడిచాడు.

ఆపితే ఏమైందోనని ఎవరో ఒకరు తెర తీస్తారు.  జ్ఞానమ్మ కాళ్ళు ఆగలేదు. ఆ మోతనే శ్రుతి చేసుకుంది. దాని చుట్టూ పుస్తకంలో లేని వరస, ఊడ్పుల్లో ఆడవాళ్ళు పాడుకునే వరస, అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయింది. ముందు ఆడవాళ్ళు అందుకున్నారు. తరవాత గుడంతా.

ఆరాధన అయీ అవగానే సంఘం పెద్ద అమ్మిరాజు తెర దగ్గరికొచ్చాడు. "ఏం వాయించారండీ మాస్టారూ! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ బాబూ? ఆ తెర తీసి, అందరి ముందూ ఇంకోసారి కానివ్వండి."

"మెట్టు చెడిందండి... వచ్చే వారం..." అని నసుగుతూ ఆయన భార్య కేసి చూశాడు. లేచి పక్కకి పొమ్మని ఆ చూపు.

ఇప్పుడు లేచిపోతే వచ్చే వారం మళ్ళీ ఇదే దడ. అప్పుడు తట్టింది జ్ఞానమ్మకి: ఇన్నాళ్ళూ తను భయపడింది తప్పు వాయిస్తానని కాదు, బాగా వాయిస్తే దొరికిపోతానని.

లేచి తెర తాడు విప్పేసింది. మళ్ళీ కూర్చుని, కుచ్చిళ్ళు కాస్త పైకి సర్దుకుని, అందరూ చూస్తుండగా తొక్కడం మొదలుపెట్టింది.

ఆ తరవాత పంతొమ్మిదేళ్ళు ఆవిడే వాయించింది. సంఘం పుస్తకంలో మాత్రం ఆఖరిదాకా ఆయన పేరే రాశారు. వాళ్ళు రాయకపోతే పోనీండి, చదివిన మీరైనా జ్ఞానమ్మని గుర్తుపెట్టుకోండి.