లీటరుకి ఇరవై ఆరు

నేను ఒక పాత ఫియట్ కారుని. మా జోగారావుగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: ఆయన నన్ను తిట్టరు, పొగుడుతారు.

బొంబాయిలో పుట్టి, ఒక డాక్టరుగారికీ ఒక కాంట్రాక్టరుకీ ఊడిగం చేసి, విశాఖపట్నంలో మూడో చేతిగా ఈయన దగ్గరికి చేరాను. ఆయన తోడల్లుడు సన్యాసిరావుకి నా వయసుదే ఒక అంబాసిడర్ ఉంది. ఇద్దరూ కలిస్తే కాఫీ చల్లారేదాకా మా జాతకాలు పోల్చేవారు. దానికి పద్నాలుగు వందల ఎనభై తొమ్మిది సీసీ, నాకు వెయ్యీ ఎనభై తొమ్మిది. అది ఆరుగురిని కూర్చోబెట్టుకుని కదులుతుంది, నేను నలుగురికే రొప్పుతాను. మాట తగ్గినప్పుడల్లా మా ఆయన ఆఖరి అస్త్రం తీసేవారు: లీటరుకి ఇరవై ఆరు కిలోమీటర్లు. అంబాసిడర్‌కి పది. సన్యాసిరావు చల్లారిన కాఫీ అందుకునేవాడు.

ఆ ఇరవై ఆరు ఎలా వచ్చిందో నాకు తెలుసు. అరకులో ట్యాంకు నింపి, ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఘాట్ రోడ్డంతా దొర్లించుకొచ్చి, కిందనున్న శృంగవరపుకోటలో మళ్ళీ నింపి లెక్కకట్టారు. ఎక్కేటప్పుడు కూడా కొలిచారా అని ఆయన భార్య ఇందుమతి చిక్కుళ్ళు ఒలుస్తూ అడిగింది. ఆడవాళ్ళకి ఇంజన్ల సంగతి తెలియదన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ పొగడ్త నాకూ బాగానే ఉండేది. నా సిగ్గంతా అందుకే.

ఇందుమతి చెల్లెలు హైమ, అంటే సన్యాసిరావు భార్య, తొమ్మిదేళ్ళు ఎదురుచూస్తే అరకు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. చేరాల్సిన రోజు పన్నెండులోపు బడికి వెళ్ళి సంతకం పెట్టకపోతే పోస్టు పోతుంది. సామానుతో అంబాసిడర్ నెమ్మదిగా వస్తుందనీ, మరదలిని తానే చేరుస్తాననీ ఈయన పట్టుబట్టారు. శృంగవరపుకోటలో పెట్రోలు బంకు దగ్గర ఆపలేదు. ఘాట్ ఎక్కుతుంటే పెట్రోలు ముల్లు అడుక్కి వాలింది. అద్దం మీద వేలితో కొట్టి, ముల్లు పట్టేసిందనీ, లెక్క ప్రకారం ఇంకా నాలుగు లీటర్లుండాలనీ చెప్పారు.

పదిన్నరకి అనంతగిరి దగ్గర మలుపులో ఆగిపోయాను. హైమ వాచీ చూసుకుంది. కాసేపటికి అంబాసిడర్ వచ్చింది. ఆమె దిగి వెళ్ళి పరుపుచుట్టకీ గిన్నెల గోతానికీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. అది నన్ను దాటి మలుపెక్కుతుంటే తల దించుకుందామనుకున్నాను. మాకు ఆ సదుపాయం లేదు.

రెండింటికి సన్యాసిరావు డబ్బాతో పెట్రోలు తెచ్చాడు. హైమ పన్నెండుకి పావుగంట ముందే సంతకం పెట్టిందట. ఎగతాళి చెయ్యలేదు సరికదా, గరాటు పెడుతూ తప్పించుకునే దారి కూడా చూపించాడు.

"ముసలి బండి కదన్నయ్యా, ఎక్కడో కారిపోయుంటాది."

జోగారావుగారు నా బానెట్ మీద చెయ్యి వేశారు.

"కారలేదు తమ్ముడూ. నేను దిగుడులో కొలిచేను. ఇది పన్నెండే ఇస్తాది. మీ వదిన అప్పుడే అడిగింది, నేనే వినలేదు. తప్పు నాది."