అరువు గొంతు

సెమినార్ రోజు పొద్దున్నే అక్క కుర్చీలు సర్దుతోంది, చెల్లి మైకు సరిచూస్తోంది. ఇద్దరూ ఒకే ప్రొఫెసరు దగ్గర ఆర్థిక ఆలోచనల చరిత్ర మీద పరిశోధన చేస్తున్నారు. ఆయన దగ్గర ఉద్యోగం మాత్రం ఒక్కటే ఉంది. ఇవాళ్టి పత్రాలు విని ఎవరికో తేలుస్తానన్నాడు.

ఆ హాల్లో అరువు తెచ్చుకున్న మాట దాని సొంతదారు గొంతులోనే పలుకుతుంది. అందుకే చుట్టుపక్కల కాలేజీలన్నీ సెమినార్లు అక్కడే పెట్టుకుంటాయి. ఫుట్‌నోట్ల బెడద ఉండదు.

"అక్కా, నాది ముఖ్య ప్రసంగం అట!"

"చాలా సంతోషమే," అంది అక్క. పక్కింటివాళ్లు కారు కొన్నప్పుడు వీళ్లమ్మ అన్న మాట అది. అచ్చం అమ్మ గొంతులోనే వచ్చింది.

చెల్లి కిసుక్కున నవ్వింది. "అమ్మా, నువ్వెప్పుడొచ్చావ్?"

అక్కకి ఒళ్లు మండింది. చిన్నప్పటి నుంచీ ఇదే వరస. తను తల బద్దలు కొట్టుకుని తెచ్చుకునే మార్కులు, చెల్లి సైకిలు తొక్కుకుంటూ వెళ్లి తెచ్చేసుకునేది.

ముందు అక్క చదివింది. విలువ శ్రమలో ఉందన్నవాళ్లు, కోరికలో ఉందన్నవాళ్లు, ఎవరినీ వదల్లేదు. ఆమె నోట్లోంచి ఒక ముసలాయన దగ్గుతూ మాట్లాడాడు, ఇంకొకాయన ముక్కుతో మాట్లాడాడు. పెదవులు అక్కవే గానీ గొంతు ఒక్కసారీ ఆమెది కాలేదు. చివర్లో జనం చప్పట్లు కొట్టారు, ఎవరికో.

తర్వాత చెల్లి. మొదటినుంచీ సొంత గొంతే, గలగలా. ఒక్కటంటే ఒక్క అరువు మాటైనా దొరక్కపోతుందా అని అక్క చెవులు రిక్కించింది.

"మనిషికి ఏం కావాలో అందరూ అతని లోపలే వెతికారు," అంది చెల్లి. "కానీ, నీ బల్ల మీద వెలిగాకే నాకు దీపం లేదని తెలిసింది."

ఆ చివరి వాక్యం అక్క గొంతులో వచ్చింది.

కునికిపాట్లు పడుతున్న ప్రొఫెసరు నిటారుగా కూర్చున్నాడు. "ఎవరిదమ్మా ఆ గొంతు?"

"మా అక్కదండీ. నేను టేబుల్ ల్యాంపు కొన్న రోజు ఉడుక్కుంటూ అంది."

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"నీ పత్రం మొత్తం ఆ ఒక్క మాట మీదే నిలబడిందిగా?"

చెల్లి తల దించుకుంది. "అవునండీ."

ఆయన అక్క వైపు తిరిగాడు. "మరి ఇందాక నీ పత్రంలో ఈ గొంతు ఏమైందమ్మా?"

"అది... రిఫరెన్సు లేని మాటండీ," అంది అక్క, సొంత గొంతుతో.

"నాకు కావలసింది అలాంటివే. సోమవారం వచ్చి చేరు."

అక్క లేచి వేదిక దగ్గరికి నడిచింది. చెల్లి ఇంకా మైకు ముందే ఉంది. ఎలాగో నవ్వు తెచ్చుకుంది.

"చాలా సంతోషమే అక్కా."

హాలంతా అమ్మ గొంతు మోగింది.

అక్క చెల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపు తనకు కొత్త కాదు, ఇన్నేళ్లూ అద్దంలో చూసుకున్నదే.

"అమ్మా, నువ్వెప్పుడొచ్చావ్?" అంది మెల్లిగా.

అది చెల్లి గొంతులో వచ్చింది.