అమీనా బీ మసాలా

ఆ అవార్డుల ప్రోగ్రాం పెట్టినవాళ్ల నోట్లో మన్ను పడ! మూడు గంటలు చూపించారు. అందులో మా అమ్మీ పేరుకు మాత్రం చోటు దొరకలేదు.

మా అన్న సలీం హైదరాబాద్‌లో సినిమా పాటలకు డోలక్ వాయిస్తాడు. 2006లో ఒక టీవీ ఛానల్ వాళ్లు అతన్ని ఉత్తమ వాద్యకారుడన్నారు. అవార్డు అందుకున్న మర్నాడే టేకులపల్లిలో ఉన్న మాకు ఫోన్ చేశాడు.

"అమ్మీ, నా డోలక్‌కు మసాలా పెట్టింది మా అమ్మ అమీనా బీ అని స్టేజీ మీద చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిర్రు. ఆదివారం మధ్యాహ్నం టీవీల వస్తది, చూడు."

మాది డోలక్‌లు చేసే ఇల్లు. ఎడమవైపు తోలుకు లోపల పూసే మసాలాను బట్టే డోలక్ గొంతు. ముప్పై ఏళ్లుగా ఆ మసాలా కలిపేది అమ్మీ. మా అబ్బా మస్తాన్ పోయి ఆరేళ్లయినా భజన మండళ్ల వాళ్లు వచ్చి "మస్తాన్ డోలక్" అనే అడుగుతారు. మేమూ సరే అని ఇచ్చేవాళ్లం.

ఆదివారం అమ్మీ చేతులకంటిన మసాలా నలుపు పోయేదాకా సబ్బుతో రుద్దుకుంది. పండగ చీర కట్టుకుంది. టీవీ జోలికే పోని మనిషి, అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. అడవి నుంచి మాకు చెక్క తెచ్చే పగిడయ్యను కూడా పిలిపించింది.

హీరోయిన్లు ఎగిరారు. యాంకర్లు వెకిలి జోకులు వేసి వాళ్లే నవ్వుకున్నారు. ఒక హీరోకు సంగీతం అవార్డు ఇచ్చారు. ఆయన పాడలేదు, రాయలేదు, వాయించలేదు. వచ్చాడు కాబట్టి ఇచ్చారు. నడుమ సబ్బు, సిమెంటు, మళ్లీ సబ్బు.

"ఇది పాటల పండుగనా, సబ్బుల అంగడా?" అన్నాడు పగిడయ్య.

చివర్లో అదే హీరో మెడలో డోలక్ వేసుకుని చిందులేశాడు. దాని మీద వేలు తగిలితే ఒట్టు! మోత మాత్రం సలీంది. అమ్మీ ముందుకు వంగింది.

"గది మన డోలకే. నా మసాలానే."

అప్పుడే తెర అడుగున చిన్న అక్షరాల్లో అవార్డుల జాబితా ఒకటి పరుగెత్తింది. అందులో సలీం పేరు కనబడి మాయమైంది. అమ్మీకి చదువు రాదు. ప్రోగ్రాం అయిపోయింది.

"సలీం ఎప్పుడొస్తడురా?"

"ఇంక రాడు అమ్మీ. అన్న మాట్లాడింది కోసేసిర్రు."

ఛానల్ వాళ్లను కడిగేద్దామని ఫోన్ అందుకున్నాను.

"దొంగ నా కొడుకులు! మోత కావాలె, పేరు అక్కర్లేదు! ముప్పై ఏండ్ల కష్టం జేసిన మనిషి పేరు చెప్పనీకి ఏం రోగం?"

"అజారుద్దీన్!" అమ్మీ గొంతు అంత కరుకుగా నేనెన్నడూ వినలేదు. వాకిట్లో వేలాడే దుకాణం బోర్డు వైపు చెయ్యి చూపింది. "గా బోర్డు మీద ఏం రాసినవో చదువు."

భద్రాచలం కల్యాణానికి ముందు ఏటా దానికి రంగు వేసేది నేనే. చదివాను.

"మస్తాన్ డోలక్స్. ప్రొప్రయిటర్ అజారుద్దీన్."

"ఆ టీవోళ్లు నన్ను ఎరుగరు. నువ్వెరుగవా? నువ్వెన్నడన్న మసాలా కలిపినవా?"

నేను ఫోన్ పెట్టేసి రంగు డబ్బా మూత తీశాను.

అమీనా బీ అని రాయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.