మొదటి దారి ఎవరిది?

నేను ఒక స్విచ్‌ని. గోడకుండే లైటు స్విచ్ కాదు లెండి. డేటా సెంటరులో ఇనుప ర్యాకులో కూర్చుని, వచ్చిన సమాచారాన్ని ఎటు పంపాలో అటు పంపే యంత్రాన్ని. ఇప్పుడు తుక్కు గదిలో ఉన్నాను. నా మీద "సాంకేతిక లోపం" అని చీటీ అంటించారు. అది తలుచుకుంటేనే ఒళ్లు మండిపోతోంది!

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్తలో నాకేమీ తెలియదు. విజయవాడలో ఓ ఆసుపత్రుల సంస్థ నన్ను కొన్నాక, హైమవతి అనే ఇంజనీరు నాకు పని నేర్పింది. తీగలు పీకే పని లేకుండా, ఏ సేవకు ఎంత దారి కావాలో కంప్యూటరు ముందు కూర్చునే మార్చుకునేలా ఆ నెట్‌వర్కును రూపొందించింది. మొదటి దారి అంబులెన్సు ఫోన్లకు. ఎవరొచ్చినా వాటి తర్వాతేనని పై అధికారి రంగధామరావుకు మరీ మరీ చెప్పింది. ఆయుధపూజ నాడు నాకు బొట్టు పెట్టిందీ ఆవిడే.

కొత్త భవనం ప్రారంభం రోజు ఛైర్మన్‌గారి ప్రసంగం అన్ని ఊళ్ల శాఖల్లో పెద్ద తెరల మీద వస్తోంది. బొమ్మ ఆగి ఆగి వచ్చేసరికి రంగధామరావుకు చెమటలు పట్టాయి.

"మొదటి దారి సార్‌కి ఇచ్చెయ్యమ్మా, గంటేగా!"

"అంబులెన్సు ఫోన్లు తెగిపోతాయి సార్. నేను చెయ్యను."

"ఎటంటే అటు మారుద్దని నువ్వేగా చెప్పావ్! లే, నేనే మారుస్తా."

మార్చేశాడు. చెప్పింది చెయ్యడమే కదా నా బతుకు!

బొమ్మ అద్దంలా వచ్చింది. "ప్రతి ప్రాణమూ మాకు ముఖ్యమే," అంటున్నారు ఛైర్మన్‌గారు. అప్పుడే ఒకావిడ ఫోను. "మా ఆయన పడిపోయాడండీ, ఊపిరాడట్లేదు, మా ఇల్లు..." ఆ తర్వాతి మాటలు నా లోపలే వెనకబడి, చోటు లేక రాలిపోయాయి. మళ్లీ చేసింది, మళ్లీ తెగింది. ఎక్కడికెళ్లాలో తెలియక అంబులెన్సు గేటు దగ్గరే ఉండిపోయింది. ఆయన బతకలేదు.

స్విచ్ పాడైందని రంగధామరావు పత్రికలవాళ్లకు చెప్పాడు. సిగ్గుండాలి! కాదన్నందుకు హైమవతిని వేరే ఊరికి బదిలీ చేశారు. నన్ను ఊడబెరికారు.

ఊడబెరికే ముందు నాలోని ఆజ్ఞలన్నీ ఉన్నవి ఉన్నట్టు కొత్త స్విచ్‌లోకి ఎక్కించి, దాని ముందు కొబ్బరికాయ కొట్టారు. గంటేగా అన్న పెద్దమనిషి ఆ దారిని తిరిగి మార్చనే లేదు. అది ఇంకా ఛైర్మన్‌గారి పేరునే ఉంది.

వచ్చే వారం ఆయన పుట్టినరోజు ప్రసంగమట. ఆ పూట ఎవరింట్లోనూ ఎవరూ పడిపోకుండా ఉంటే బాగుండు.